వెన్న గులాబీలు నిలిచిన రోజు

మొన్న ఎండల్లో నరసరావుపేటలో మా మనవరాలి నిశ్చితార్థానికి తెప్పించిన మూడంతస్తుల కేకు, హాల్లో కరెంటు పోయిన అరగంటకల్లా చెమట పట్టినట్టు మెరిసి, దాని మీది వెన్న ఐసింగు పక్కకి జారి, గులాబీ రేకులు ఒక్కొక్కటే కింది అట్టముక్క మీద పడుతుంటే పిల్లలందరూ నవ్వుకుంటూ సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. నేను నవ్వలేకపోయాను. మంచినీళ్ళ వంకన లేచి వరండాలోకి వచ్చి కూచున్నాను. పల్నాటి మిషన్ కాంపౌండుల్లో పెరిగిన నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదివితే నా మనసు వాళ్ళకు అర్థమవుతుందన్న ధైర్యంతోనే, అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోని సంగతి రాస్తున్నాను.

మా మేనత్త గురజాలలో మిషన్ బంగళాలో వంటమనిషి. మామయ్య చిన్న వయసులోనే పోతే, ఒక్కగానొక్క కూతురిని చంకనేసుకుని ఆ వంటింట్లో చేరి, దొరసానమ్మ దగ్గర రొట్టె కాల్చడం, కేకు చేయడం, చివరికి ఐసింగుతో పూలు పెట్టడం కూడా నేర్చుకుంది. మన ఎండలు తెలిసినవే కదా, చైత్రం దాటితే గోడలు కూడా కాలేవి. అట్లాంటి చోట వెన్నతో పువ్వు చేసి నిలబెట్టడమంటే మాటలు కాదు. దొరసానమ్మే వేసవిలో ఐసింగు జోలికి వెళ్ళేది కాదట. అత్త మాత్రం పట్టు వదలకుండా తన పద్ధతి తాను కనిపెట్టుకుంది. గేదెవెన్నను చెక్కపలక మీద వేసి చెక్కగరిటెతో ఒత్తి ఒత్తి చివరి నీటిబొట్టు దాకా తీసేసేది. చక్కెరను రోట్లో దంచి, పలచటి మల్లుగుడ్డలో జల్లించి, నాలుక మీద వేసుకుంటే ఇసుకలా తగలకూడదనేది. ఎండాకాలంలో పాలచుక్క కలపనిచ్చేది కాదు, పైగా కాస్త వనస్పతి చేర్చేది. ముందు పలచగా ఒక పూత పూసి, అది చల్లటి గదిలో గట్టిపడ్డాకే రెండో పూత. పూలు పెట్టేటప్పుడు చేతి వేడి తగలకుండా నిమిషానికోసారి చేతులు చన్నీళ్ళలో ముంచి తుడుచుకునేది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఐసింగు గిన్నె కింద చన్నీళ్ళు మార్చే పని నాది. అంచున మిగిలింది నాకడం కూడా నాదే.

అత్త కూతురు, మా వదిన, నాకంటే ఆరేళ్ళు పెద్దది. నాకు జడలు వేసింది, కుట్టుపని నేర్పింది, పాటలు నేర్పింది. ఆవిడకు పద్దెనిమిదో ఏట క్షయ వచ్చింది. ఆ రోజుల్లో ఆ మాట ఇంట్లో కూడా గొంతు తగ్గించి అనేవాళ్ళు. దొరసానమ్మ ఉత్తరం రాసిస్తే దూరాన ఒక శానిటోరియంలో చేర్చుకున్నారు. ఏడాదిపైగా అక్కడే ఉండి, రోజూ సూదులు వేయించుకుని, పూర్తిగా నయమై తిరిగొచ్చింది. బయటి వాళ్ళకు మాత్రం బంధువులింట్లో ఉండి టైలరింగు నేర్చుకుంటోందని అత్త చెప్పుకొచ్చింది. నిజం మా రెండిళ్ళకే తెలుసు.

నేను అప్పుడు నరసరావుపేటలో ఆడపిల్లల బోర్డింగులో చదువుతున్నాను. ఒకరోజు అన్నాల దగ్గర నా స్నేహితురాలు, వాళ్ళక్క మద్రాసు వెళ్ళి సముద్రం చూసొచ్చిన సంగతి గొప్పగా చెబుతుంటే, నా దగ్గరా ఒక పెద్ద సంగతి ఉందనిపించుకోవాలన్న ఆత్రంలో, గురజాలలో ఉండే మా వదిన శానిటోరియంలో చావు తప్పి బయటపడ్డ వైనమంతా చెప్పేశాను. అది విని పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. ఆ పూట నాకు చాలా గొప్పగా ఉండింది.

ఆ మరుసటేడు వదినకు మాచర్ల వైపు నుంచి ఒక బడిపంతులు సంబంధం కుదిరింది. అతనే బంగళాకు వచ్చి చూసి, ఇష్టపడి, రెండు ఉత్తరాలు కూడా రాశాడు. బడి సెలవులని మే నెలలో పెళ్ళి పెట్టుకున్నారు. పరీక్షలైపోయి పెట్టె సర్దుకుంటుంటే నా స్నేహితురాలు మాటల మధ్యలో వాళ్ళ పెదనాన్న కొడుక్కి గురజాల పిల్లతో పెళ్ళని చెప్పింది. ఆ పిల్ల మా వదినేనని ఆమెకింకా తెలియదు. చెప్పొద్దని బతిమాలితే తెలిసిపోతుంది, బతిమాలకపోతే పెళ్ళిలో నన్ను చూసి ఎలాగూ తెలుసుకుంటుంది. ఇంటికెళ్ళి అత్తతో చెప్పి ఉంటే, అత్త తానే ముందుగా వెళ్ళి, శానిటోరియం డాక్టరమ్మ ఇచ్చిన చీటీ చూపించి మాట్లాడుకునేదేమో. నేను చెప్పలేదు. తిడతారన్న భయం అంతే, ఇంకేం లేదు.

పెళ్ళినాడు తెల్లవారకముందే అత్త కేకు ముందు కూచుంది. ఇతరులకు ఎన్నో చేసింది గానీ తన కూతురికి చేసిన కేకు అదొక్కటే. మా నాన్న నరసరావుపేట నుంచి రంపపు పొట్టులో చుట్టి గోనెసంచిలో తెచ్చిన మంచుగడ్డ సగం దారిలోనే కరిగిపోయింది. మిగిలిన సగాన్ని గిన్నె కింద పెట్టారు. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, బల్లకోళ్ళకు చీమలు పట్టకుండా నీళ్ళపళ్ళేలు పెట్టి, కేకు అంచు చుట్టూ తెల్ల గులాబీలు, పైన ఒక చిన్న గుత్తి పెట్టింది. తొమ్మిదయ్యేసరికి చెయ్యి కడుక్కుని, ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుని, "ఇయ్యాళ మాత్రం కరగదమ్మా" అంది.

పది గంటలకు మిషన్ గుడిలో పెళ్ళి. మాచర్ల బస్సు వచ్చింది, వాళ్ళు దిగలేదు. ఇంకో బస్సు వచ్చింది. గుడి నిండా జనం విసనకర్రలతో విసురుకుంటూ కూచున్నారు, పాస్టరుగారు మళ్ళీ మళ్ళీ గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. ఎందుకో నాకు మాత్రమే తెలుసు, బోర్డింగులో నేను చెప్పిన మాటను నా స్నేహితురాలు ఈ గురజాల పెళ్ళితో ముడివేసి ఉంటుంది. నేను తడికల మీద నీళ్ళు చల్లుతూ కేకు గదిలోంచి కదల్లేదు.

మధ్యాహ్నం దాటి, జనం గుడి నుంచి బంగళా ముందరి పందిట్లోకి చేరాక, పెళ్ళికొడుకు ఇంటి పెద్దాయన ఒక్కడే వచ్చాడు. వరండాలో నిలబడే మాట్లాడాడు, కుర్చీ వేసినా కూచోలేదు.

"పిల్లకి జబ్బు చేసిన సంగతి దాస్తే ఎట్టమ్మా? రాత్రి మాకు తెలిసింది."

"నయమైపోయిందయ్యా. డాక్టరమ్మనే అడగండి, పరీక్షలు చానా చేశారు."

"అయ్యుండొచ్చు. మొదట్లోనే చెప్పుంటే ఇనేవాళ్ళమేమో. ఇప్పుడేం చెప్పినా ఎట్టా నమ్మమంటారు?"

ఆయన కోపంగా అనలేదు. ఆ మాటలు పందిట్లో అందరికీ వినపడ్డాయి.

వదిన ముసుగు తీసి మడతపెట్టి, కేకు గదిలోకి వచ్చింది. కేకు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఏందమ్మా, ఇది ఇంకా కరగలేదు" అంది. అత్త గోడకు ఆనుకుని కూలబడింది. మేమెవరం ఆపేలోపే వదిన చాకు తీసుకుని కేకు కోసి, పళ్ళెంలో పెట్టుకుని పందిట్లోకి వెళ్ళింది. పిల్లలు ఆశగా చేతులు చాపారు. తల్లులు ఒక్కొక్కరే వచ్చి ఆ చేతులు వెనక్కి లాక్కున్నారు. నిన్నటి దాకా ఆవిడ కుట్టిన గౌన్లు తొడుక్కున్న పిల్లలే వాళ్ళంతా.

వదిన పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను వెళ్ళి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. వదిన నా తల మీద చెయ్యి వేసి, "నువ్వొక్కదానివే వచ్చావే నా దగ్గరికి" అంది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

అత్త మళ్ళీ ఐసింగు ముట్టుకోలేదు. క్రిస్మసుకు దొరసానమ్మ అడిగితే వట్టి కేకు కాల్చి ఇచ్చింది. రెండేళ్ళకు తనూ పోయింది. వదిన ఆ శానిటోరియానికే వెళ్ళి రోగుల వార్డులో పనికి కుదిరి, డెబ్బై దాటేవరకూ ఒంటరిగానే బతికింది. నా పెళ్ళికి చీర పంపింది, నా పిల్లలకు గౌన్లు కుట్టి పంపింది, ప్రతి ఉత్తరంలోనూ ప్రియమైన చెల్లికి అని రాసింది. చివరిసారి చూడబోయినప్పుడు ఆవిడ మంచం పక్కన కూచుని రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ మందుల సంగతే అడిగాను.

ఈమధ్య బీపీ మాత్రలకని గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్తే, వరసలో నా ముందు కూచున్న అమ్మాయి తాను టీబీ మందులకు వచ్చానని, ఆరు నెలల కోర్సులో ఇంకొక్క నెలే మిగిలిందని, జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. పక్కనే ఆమె కార్డు పట్టుకుని కూచున్న కుర్రాడు తనను చేసుకోబోయేవాడేనట. గోడ మీద ఆ జబ్బు పేరు పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది, దాని కింద జనం కూచుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ మాట ఇంత మామూలుగా పైకి అనగలిగే కాలం రానే వచ్చింది. మా వదినకు మాత్రం అందలేదు. నేను చెప్పాల్సిన మాట ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది, దాన్ని వినాల్సిన మనిషే లేదు.