మల్లేశం పారిపోలేదు

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరికాదేమో. చాలాకాలం అది నాకు బరువనిపించలేదు. జేబులో దాచుకున్న తీపి బిళ్లలా అప్పుడప్పుడు తడుముకుని సంతోషపడేవాణ్ణి. బరువెక్కింది ఈ మధ్యనే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

సౌదీలోని అల్ ఖోబర్‌లో పాత క్రికెట్ ఆటగాళ్లు కలిస్తే ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. యుద్ధానికి జడిసి, జట్టును వదిలి ఇండియాకు పారిపోయిన కీపర్ కథ. ఆ కీపర్ పేరు మల్లేశం. జగిత్యాల దగ్గరి మనిషి, తాపీ మేస్త్రీ. అతను పారిపోలేదు. ఆ కథ పుట్టించింది నేను.

నాది కడప. అల్ ఖోబర్‌లో ఒక కట్టడాల కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా చేసేవాణ్ణి. అరబ్బీ టైపు వచ్చు కాబట్టి సెలవు ఫారాలు, ఇకామా అనే నివాస అనుమతి కాగితాలు నా బల్ల మీదుగానే పోయేవి. శుక్రవారాలు కంపెనీ జట్టుకు వికెట్ కీపర్‌ని. ఇసుక మైదానం, మధ్యలో సిమెంటు గచ్చు, దాని మీద మేకులతో బిగించిన కొబ్బరినార చాప. తెల్లవారగానే మొదలుపెట్టి జుమ్మా నమాజు వేళకు ముగించేవాళ్లం. మూడేళ్లు ఆ స్టంపుల వెనక చోటు నాది.

మల్లేశం వచ్చాక అది పోయింది. అతను ఊళ్లో ఇళ్లు కట్టేటప్పుడు, కింద ఒకడు ఇటుక విసిరితే పైన పరంజా మీద నిలబడి అందుకునేవాడట. ఇటుకకు చేతులు ఎదురు పెడితే వేళ్లు చితుకుతాయి. అది వచ్చే దారిలోనే చేతుల్ని కాస్త వెనక్కి తీసుకుంటూ దింపుకోవాలి. బంతినీ అలాగే దింపుకునేవాడు. చప్పుడు కూడా వచ్చేది కాదు. నేను పది గజాలు వెనక్కి జరిగి పట్టే బౌలింగుకు అతను స్టంపుల పక్కనే కూర్చునేవాడు.

లాహోరు నుంచి వచ్చిన మా ఇంజనీరుకు క్రికెట్ పిచ్చి. ఆ చేతులు చూశాక, వేళ్లు పాడవకూడదని మల్లేశాన్ని తాపీ పని మాన్పించి స్టోర్లో కూర్చోబెట్టాడు. మా క్యాంపులో ఆట కోసమే జీతం తీసుకున్న మొదటి మనిషి అతనే. ఏడాది తిరక్కుండా జట్టుకు మేనేజర్ని కూడా చేశాడు. ఎవరు ఆడాలి, ఎవరు నీళ్లు మోయాలి, అన్నీ మల్లేశం చెప్పినట్టే. సంతకం తప్ప రాత రాని మనిషి. కానీ ఎదుటి జట్టులో ఎవడు ఏ కాలు ముందు కదుపుతాడో అన్నీ గుర్తే. నన్ను స్లిప్పులో నిలబెట్టాడు. సర్దుకున్నాను. సర్దుకున్నాననే అనుకున్నాను.

ఆ ఏడాది ఫైనల్‌కు ముందు జట్టంతా నిలబడి ఉండగా పేర్లు చెప్పాడు. నా పేరు లేదు.

"ఏందప్పా మల్లేశం, నేను ఆడేది లేదా?" అని అడిగాను.

"లేదు భాయ్. కోపం జెయ్యకు," అన్నాడు. "అవతలోడు బ్యాటు ఊపంగనే నువ్వు కండ్లు మూసుకుంటున్నవ్. కీపింగ్ జేసినప్పుడు గంతే, స్లిప్పుల నిలవడ్డా గంతే. నీకు ఎర్కలేదు గని, నేను జూస్తున్న."

ఎవడో నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ వారం నుంచి మెస్సులో నా పేరు 'కండ్లు మూసే భాయ్' అయింది.

అతను చెప్పింది అబద్ధమైతే మరచిపోయేవాణ్ణేమో. అద్దం ముందు నిలబడి, ముఖం ముందు చెయ్యి ఊపుకుని చూసుకున్నాను. నిజమే, మూసుకుంటున్నాను. అదే నన్ను కాల్చింది.

అంతలో కువైట్‌లో ఇరాక్ సైన్యం దిగింది. యుద్ధం తప్పదని అందరికీ అర్థమయ్యాక, వెళ్లిపోతామన్నవాళ్లను కంపెనీ పంపించేసింది. మల్లేశం వెళ్లలేదు. అతని భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. అయినా వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు గానీ, నాది ధైర్యం కాదు, ఎటూ తేల్చుకోలేకపోవడం.

ధహ్రాన్ విమానాశ్రయం మాకు కూతవేటు దూరం. క్షిపణులు అటే వచ్చేవి. కిటికీలకు టేపులు అంటించి, సైరన్ మోగగానే మెస్సు హాల్లో చేరి విషవాయువు మాస్కులు తగిలించుకునేవాళ్లం. ఒక సాయంత్రం సైరన్ మోగినప్పుడు నా చేతులు వణికి మాస్కు పట్టీ బిగించుకోలేకపోయాను. మల్లేశం వచ్చి నా పట్టీ బిగించాడు. అప్పటికి అతను తన మాస్కు పెట్టుకోనే లేదు. బిగించి, నా భుజం తట్టి, "ఇప్పుడు మూస్కో భాయ్ కండ్లు. గీ మ్యాచ్‌కు నిన్ను టీంలకెల్లి తియ్య," అన్నాడు.

మాస్కుల లోపలి నుంచి అందరి నవ్వూ వినిపించింది.

నా వణుకు తగ్గించడానికే ఆ మాట అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. ఆ సాయంత్రం తెలియలేదా? తెలిసే ఉంటుంది. తెలిసినా నాకు కావలసింది ఆ నవ్వే. దాన్ని పట్టుకుని కూర్చున్నాను. వీడికి నేను చూపిస్తాను అనుకున్నాను.

యుద్ధం ముగిసి విమానాలు మళ్లీ తిరగడం మొదలవగానే క్యాంపంతా సెలవు అడిగింది. మల్లేశం కిందటి వేసవిలో ఒకసారి ఊరికి వెళ్లొచ్చాడు. ఇప్పుడు కూతురు పుట్టింది, రెండు నెలలు ఉండి వస్తానన్నాడు. నేను కుర్చీ వేసి చాయ్ తెప్పించాను.

సెలవు ఫారంలో రెండు గళ్లు ఉంటాయి. ఒకటి వెళ్లి తిరిగి రావడానికి. రెండోది ఖురూజ్ నిహాయీ. అంటే పనికి పిలిపించుకున్న యజమాని, కఫీల్‌తో తెగిపోయి, ఇక రాకుండా వెళ్లిపోవడానికి. అంతా అరబ్బీలోనే. పనివాళ్లు నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేవాళ్లు. అందరూ అలాగే చేసేవాళ్లు. నేను అంతవరకు ఎవరికీ తప్పు గడి చూపించలేదు.

రెండో గడిలో గీత పెట్టాను. మల్లేశం నెమ్మదిగా, నాలుక బయటపెట్టి సంతకం చేశాడు. చాలా సంతోషం కలిగింది. దాచను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు.

జవాజాత్ అనే పాస్‌పోర్టుల ఆఫీసుకు కాగితాలు మోసే మందూబ్ ఆ వారం సంచినిండా పాస్‌పోర్టులు పట్టుకుపోయాడు. ఆ హడావిడిలో ఎవరూ ఏదీ చూడలేదు. ముద్ర పడి వచ్చింది. అది కూడా అరబ్బీలోనే. వెళ్లే రోజు మల్లేశం తన కీపింగ్ గ్లౌజులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "జర పైలం భాయ్. నేనొచ్చేదాంక నువ్వే నిలవడు," అన్నాడు.

అప్పుడైనా చెప్పవచ్చు కదా? కాగితం మార్చడానికి ఇంకా సగం రోజు ఉంది. చెప్పలేదు.

రెండు నెలల తర్వాత బొంబాయి విమానాశ్రయంలో, తిరిగి రావడానికి వీసా లేదని అతన్ని వెనక్కి పంపేశారు. ఎవరితోనో రాయించిన ఉత్తరం నాకే వచ్చింది. ఏదో గల్తీ జరిగింది, ఇంజనీర్ సాబ్‌కు నువ్వే చెప్పాలె భాయ్, నీకైతే అరబ్బీ వస్తది అని. ఉత్తరం చింపేశాను. అదే వారం ఇంజనీరు మల్లేశం ఎప్పుడొస్తాడని అడిగాడు. రాడని చెప్పాను. సైరన్లకు బెదిరిపోయాడు, ఇక్కడ ఉండలేనని తనే నిహాయీ అడిగి రాయించుకున్నాడు అన్నాను. ఇంజనీరు "అతనా?" అని ఒక్క మాట అన్నాడు. తర్వాత ఆ పేరు మళ్లీ ఎత్తలేదు. మెస్సులో మాత్రం కథ మూడు రోజుల్లో పాకింది.

నన్ను కళ్లు మూసేవాణ్ణి చేసినవాణ్ణి నేను పిరికివాణ్ణి చేశాను. లెక్క సరిపోయిందనుకున్నాను. అతని గ్లౌజులు తొడుక్కుని రెండు సీజన్లు కీపింగ్ చేశాను. బ్యాటు ఊపినప్పుడల్లా కళ్లు మూతపడుతూనే ఉన్నాయి.

మల్లేశం మళ్లీ ఏ జట్టుకూ ఆడలేదని ఆ వైపు మనిషి ఒకతను చెప్పాడు. ఇంజనీరే మోసం చేశాడని అందరితో అంటాడట. నన్ను మాత్రం మంచి మనిషని చెప్పుకుంటాడట. ఆ చివరి మాట వినకుండా ఉంటే బాగుండేది.

మొన్న శుక్రవారం అల్ ఖోబర్‌లో పాతవాళ్లం కలిశాం. ఒకడు కొత్త కుర్రాళ్లకు పారిపోయిన కీపర్ కథ చెప్పాడు. మాస్కు పెట్టుకుని మంచం కింద దూరాడని కొత్త ముక్క కూడా చేర్చాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఎప్పుడో నా పట్టీ బిగించిన వేళ్లు చెవుల వెనక తగిలినట్టయింది.

పూర్తిగా మారిపోయానని చెబితే అది ఇంకో అబద్ధం. ఆ ఫారం తలుచుకుంటే లోపల ఎక్కడో ఇంకా కొంచెం చల్లగా ఉంటుంది. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా. క్షమించమని అతన్ని అడిగే ముఖం నాకు లేదు. మిమ్మల్నీ అడగను. ఈ కాగితం ఆ పాతవాళ్ల చేతుల్లోకి వెళితే చాలు.

మల్లేశం పారిపోలేదు. సైరన్ మోగుతుండగా తన మాస్కు పక్కన పెట్టి నాకు పట్టీ బిగించాడు. తిరిగి వస్తానని గ్లౌజులు ఇచ్చి వెళ్లాడు. అవి ఎండి బిగుసుకుపోయి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. రెండో గడిలో గీత పెట్టింది నేను. ఆ ఒక్కసారి నేను కళ్లు మూసుకోలేదు.