చిచ్చు పెట్టిందెవరు?

పులివెందులలో ఉంటున్న తమ్ముణ్ణి చూడటానికి కాకినాడ నుంచి వచ్చి, జమ్మలమడుగులో బస్సెక్కాను. మేము మాట్లాడుకుని తొమ్మిదేళ్లయింది. దారిలో దూరాన కొండ తగలబడుతుంటే, "కార్చిచ్చు" అన్నాను.

పక్కన కూర్చున్న ముసలి గొర్రెల కాపరి నవ్వాడు. "శానా సదివినట్టుండావే! మేం కొండ అంటుకునిందంటామప్పా. వానొస్తే ఆరిపోతాది. చిచ్చంటే మనుషులు ఇండ్లల్లో పెట్టేది. అది యాడ ఆరతాది? ఇంతకీ నువ్వు యాడికి పోతాండావు?"

తమ్ముడి సంగతి చెప్పాను.

"మరి ఆ చిచ్చు ఎవరు పెట్టినారు?"

తొమ్మిదేళ్ల డైరీల్లో నేను రాసుకున్నది తమ్ముడి పేరే. "నేనే," అన్నాను.

ఆయన ముద్దనూరులో దిగిపోయాడు. పులివెందుల దాకా పక్క సీటు ఖాళీగానే ఉంది. తమ్ముడికి చెప్పాల్సిన ఆ ఒక్క మాటనే మెల్లగా పైకి అనుకుంటూ కూర్చున్నాను.