నేను వెళ్ళిపొమ్మన్న మనిషి

దయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. భయపడి కాదు. అలాంటివి మా గడప బయట మాట్లాడుకోవాల్సిన మాటలని మా నాన్నగారి అభిప్రాయం. నేనూ అలాగే పెరిగాను. ఫలానా చెట్టు దగ్గర ఏదో కనబడిందని ఎవరైనా మొదలుపెడితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాను. ఇది రాస్తున్నది ఎవరినో నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా చెప్పకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు.

మాది కొంట, అడవి అంచున ఉన్న సరిహద్దు ఊరు. ఒకప్పుడు చుట్టుపక్కల అడవిలో దొరికే చింతపండు, ఇప్పపువ్వు మా తాతగారి గోదాముల మీదుగానే బయటికి వెళ్ళేవి. ఇప్పుడు గోదాములు లేవు. ఇల్లు సగం కూలింది. మిగిలిన సగంలో నేనూ నా భార్య సరళా ఉంటాము. వీధి వైపు గదిలో జిరాక్స్ మిషన్ పెట్టుకుని, తహసీల్ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు దరఖాస్తులు రాసి ఇస్తుంటాను.

మా ఇంటికి ఒక పద్ధతి ఉంది. ఇతరుల ఇంటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు. అది అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో మాత్రం గిన్నె అంచు దాకా బియ్యం నింపి, పైన బెల్లం ముక్క పెట్టి, అదే రోజు పంపాలి. మా నాయనమ్మ హయాంలో అదొక లెక్క కాదు. నా హయాంలో ఆ స్తోమత లేదు. ఆ సంగతి వీధికి తెలియకూడదని నేనొక దారి పట్టాను. అసలు గిన్నెనే లోపలికి రానివ్వలేదు.

మాకు పాప పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. సరళకు తల్లి లేదు, అందుకని మా ఇంట్లోనే అయింది. మా అమ్మ కూడా ఎప్పుడో పోయింది. చెప్పడానికి ఇంట్లో పెద్ద దిక్కు లేదు.

మా వీధిలో బిడ్డ పుడితే ఎవరూ పిలుపు కోసం చూడరు. మొదట వచ్చింది పక్కింటి లచ్చమ్మ. దోర్ల తెగ మనిషి, సంతలో వెల్లుల్లి, మిరపకాయలు అమ్ముతుంది. ఆమె మామ మా గోదాంలో బస్తాలు మోసినవాడు.

"ఏంది సావుకారి, పిల్ల పుడితే ఒక్క మాట చెప్పకపోతివి! ఏడుపు ఇని తెలుసుకోవాల్నా? ఇగో, ఉలవచారు. బాలింతకు పాలు పడతయి. నీళ్ళు పోసేటందుకు మనిషుందా?"

"అన్నీ ఉన్నాయి. మాకేం తక్కువ లేదు."

"తక్కువున్నదని ఎవరన్నరు? మూతన్న తీసి చూడరాదు?"

నేను గుమ్మంలోంచి కదల్లేదు. ఆమె గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళింది. తరువాత ఇంకొకరిద్దరు వచ్చారు, వాళ్ళూ అలాగే వెళ్ళారు. ఆ పైన ఎవరూ రాలేదు. సరళ లోపల మంచం మీద ఉంది. అన్నీ విన్నది.

పాప ఊరికే ఏడ్చేది. సరళకు పాలు సరిగా పడలేదు, నిద్ర లేదు. కూర్చునే తూలేది. పాపను ఎత్తుకోవడం నాకు చేతకాదు. నేర్పమని ఒకరిని అడగడం అంతకంటే చేతకాదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అన్నానికని లోపలికి వెళ్ళాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సరళ గోడవైపు తిరిగి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. పాప జుట్టు తడిగా ఉంది. ఒంటికి ఇప్పనూనె రాసిన వాసన. మేము వాడేది కొబ్బరినూనె. ఉతికి ఆరిన గుడ్డలు నాలుగు మడతలు పెట్టి దిండు పక్కన ఉన్నాయి. సరళకు అలా మడత పెట్టే అలవాటు లేదు.

లచ్చమ్మ పనే అనుకున్నాను. వీధి వైపు నేనే కూర్చున్నాను కాబట్టి దొడ్డి తలుపున వచ్చి ఉండాలి. ఆ తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది. సరళే తీసి, మళ్ళీ వేసి ఉంటుందనుకున్నాను. కోపం వచ్చింది. అయినా ఆ రోజు అడగలేదు. ఇల్లు అంత ప్రశాంతంగా ఉండటం నాకూ హాయిగానే ఉంది.

ఆ తరువాత రోజూ అంతే. సరళ ముఖం తేటపడింది. పాప కడుపు నిండా తాగడం మొదలుపెట్టింది. నా మనసులో మాత్రం ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. నాకు చెప్పకుండా నా ఇంట్లో ఎవరో సాయం చేసి పోతున్నారు. ఒకరోజు సంతకు వెళ్ళి, పదిమందిలో లచ్చమ్మను పట్టుకుని, మా ఇంట్లోకి దొడ్డిదారిన రావద్దని గట్టిగానే చెప్పాను.

"నీ ఇంటికా? నీ గడప తొక్కాలంటే దరఖాస్తు పెట్టాలె, ఫొటో అంటియ్యాలె. నాకాడ ఫొటో లేదు సావుకారి!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇప్పనూనె వాసన సంగతి ఎత్తాను. లచ్చమ్మ నవ్వు ఆపింది.

"ఈ యేడు మా ఇంట్ల ఇప్పనూనె చుక్క లేదు. మా తల్లి మీద ఒట్టు, నేను రాలేదు. బిడ్డ మంచిగున్నదా?"

నేను వెనక్కి తిరిగాను. ఇంటికి రాగానే సరళను నిలదీశాను, ఎవరిని రానిస్తున్నావని. ఆమె తెల్లబోయి చూసింది.

"మీరు పిలిపించారు అనుకున్నా. అడిగితే మీకు చిన్నతనంగా ఉంటుందని అడగలేదు."

"ఎలా ఉంటుంది మనిషి?"

"ముఖం చూడలేదండి. కళ్ళు తెరిచే ఓపిక యాడుంది? పాపను నా పక్కలోంచి తీసుకునేది. వీపు మీద చెయ్యేసి, పండుకో బిడ్డా అనేది. గాజుల చప్పుడు లేదు. ఎవరో పెద్దావిడ అనుకున్నా."

మర్నాడు దొడ్డి తలుపు గడియ నేనే వేశాను. జిరాక్స్ గదిలో, లోపలి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం పాప ఏడుపు అందుకుంది. ఉన్నట్టుండి ఆగింది. ఉయ్యాల తాడు దూలం మీద కిర్రుమనడం వినబడింది. లేచి లోపలికి వెళ్ళాను.

సరళ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. గడియ వేసినట్టే ఉంది. స్నానాల పీట తడిగా ఉంది. ఉయ్యాల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బారుగా ఊగుతోంది. పాప కళ్ళు తెరిచి ఉంది. నా వైపు కాదు, పైకి, ఉయ్యాల పక్కన మనిషి నిలబడితే ముఖం ఉండే చోటికి చూస్తోంది.

నాకు భయం వేయలేదు. అది నిజం. అవమానం అనిపించింది. వంశం పరువంతా అప్పుడే గుర్తొచ్చింది. ఖాళీ గదిలో పైకే అన్నాను, "ఎవరైనా సరే, మా ఇంట్లో మీ అవసరం లేదు. వెళ్ళిపోండి."

ఊగే ఉయ్యాల మెల్లమెల్లగా ఆగాలి. అది ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది.

మళ్ళీ ఎవరూ రాలేదు. సరళ మధ్యాహ్నమంతా గుమ్మం వైపు చూస్తూ పడుకునేది, నిద్రపోయేది కాదు. పాలు తగ్గిపోయాయి. కొన్నాళ్ళకు పాప ఏడవడం కూడా మానేసింది. దారికి వచ్చిందని నేను సంతోషించాను. ఒకరోజు పొద్దున్న సరళ పాపను వెలుతురులోకి తెచ్చి చూపించింది. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. తట్టినా లేవడం లేదు, రొమ్ము పట్టడం లేదు.

నేను లచ్చమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. చెప్పులు కూడా లేవు. "అత్తా, ఒకసారి రా," అన్నాను. జీవితంలో ఆమెను వరస పెట్టి పిలవడం అదే మొదలు.

"అత్తనా? ఇయ్యాల పొద్దు యాడ పొడిచిందో..." అంటూనే నా ముఖం చూసి, చేతిలో చేట అక్కడే వదిలి వచ్చింది. పాప అరికాలు గట్టిగా రుద్ది చూసింది. "ఇది నా చేతి పని కాదు. దవాఖానకు నడువు," అంది. ఆటోలో పాప ఆమె ఒళ్ళోనే ఉంది.

ఇంకొక రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదని అక్కడి డాక్టరు చెప్పాడు. కామెర్లని నీలం లైటు కింద పెట్టారు. అన్ని రోజులూ లచ్చమ్మ సంత మానుకుని సరళ పక్కనే కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు వంతులవారీగా గిన్నెలు పంపారు. అన్నీ తీసుకున్నాను, అన్నీ ఖాళీగానే తిప్పి పంపాను. ఎవరూ ఒక్క మాట అనలేదు.

పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

నాకు తోచిన కారణాలన్నీ వేసి చూశాను. అలసటలో సరళే చేసి మరిచిపోయి ఉండవచ్చు. అలాగైతే ఆ నూనె ఎక్కడిది? ఉయ్యాల అలా ఎందుకు ఆగింది?

మొన్న పాపకు నీళ్ళు పోస్తూ సరళ అడిగింది, "మొదట్లో వచ్చినావిడ ఎందుకు మానేసిందో. నేనేమన్నా తప్పు చేసిన్నా? పడుకునే ఉన్నా కదా, ఒక్కసారైనా లేచి దణ్ణం పెట్టాల్సింది."

"నీ తప్పేం లేదు," అన్నాను.

"మరి ఎందుకు రాలేదు?"

తువ్వాలు అందించి, వీధి గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆ వచ్చినదెవరో నాకు ఈ రోజుకూ తెలియదు. ఎందుకు మానేసిందో తెలుసు. సరళకు ఇంకా చెప్పలేదు.