సున్నం గాబులో బాతుగుడ్డు

నిన్న పక్కింటికి వెల్ల వేస్తుంటే తడి సున్నం వాసన వచ్చి, నన్ను అరవై ఏళ్ళ కిందటి మా బందరు పెరట్లో నిలబెట్టింది. సముద్రపు గుల్లల్ని బట్టీలో కాల్చి అమ్మేవారు కదా, వాటిని గాబులో పోసి నీళ్ళు కొడితే పొయ్యి లేకుండానే కుతకుతా ఉడికేవి, గుర్తుందా?

సైన్సు మాస్టారైన మా నాన్నగారు గాబు పక్కనే పాఠం మొదలుపెట్టేవారు. "బట్టీలో తాగిన వేడినంతా నీళ్ళు తగలగానే కక్కేస్తున్నాయి. ఈ వేడికి గుడ్డు కూడా ఉడుకుతుంది!"

మా ఇంట్లో గుడ్డు మాటెత్తడమే తప్పు. అయినా నేనూ అక్కా ఎదురింటి స్నేహితురాలి దగ్గర ఒక బాతుగుడ్డు సంపాదించి, ఎవరూ చూడకుండా గాబులో వదిలాం. కాసేపటికి నాయనమ్మ వచ్చి కర్రతో సున్నం కలిపితే, అది తెల్లగా పైకి వచ్చింది.

"ఏంట్రా ఇది?" అని నాన్నగారిని అడిగింది.

మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మా మొహాలు చూసి, "సరిగ్గా కాలని గుల్లే అమ్మా" అన్నారు.

"అయితే అవతల పారెయ్యి."

నాన్నగారు దాన్ని గరిటెతో తీసుకుని గొడ్ల చావడి వెనక్కి నడిచారు. తన్నులు ఖాయమనుకుంటూ మేమూ వెళ్ళాం. ఆయన గుడ్డు శుభ్రంగా కడిగి, గొంతు తగ్గించి అన్నారు:

"ఉడికిందో లేదో చూడాలిగా. ఉప్పు పట్రండి. మిరియప్పొడి కూడా."