మా సార్ ఊరు చూసొచ్చిన సంగతి

స్కాట్లాండ్ వెళ్తున్నామంటే కోటలు చూడండి, సరస్సులు చూడండి అని అందరూ చెప్పారు. మా సార్ మాత్రం తన ఊరు చూసి రమ్మన్నారు. అక్కడ ఆయన ఒంటరిగా బతకగలరో లేదో నన్ను తేల్చి చెప్పమన్నారు.

ఆయన స్కాట్లాండ్ మనిషి, దోహా వెస్ట్ బేలోని మా ఆఫీసులో పెద్ద ఇంజినీరు. ఖతర్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. భార్య పోయారు. రెండు నెలల్లో రిటైర్మెంటు, ఆ తర్వాత వీసా ఉండదు. ఆస్ట్రేలియాలో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చేయమంటోంది. ఆయనకేమో పుట్టిన ఊరికి పోవాలని ఉంది, భయమూ ఉంది. అమ్మానాన్నలు పోయాక ఆయన అటు వెళ్ళలేదు.

"మీరే ఓసారి వెళ్ళి చూడొచ్చుగా సార్?" అన్నాను.

"నేను చూస్తే నా చిన్నప్పటి ఊరే కనిపిస్తుంది. నువ్వయితే ఉన్నది చూస్తావు" అన్నారు.

నిజమే. సైటుకి వెళ్ళి లోపం పట్టుకోవడంలో మా ఆఫీసులో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, నా మీద కోపమున్నవాళ్ళు కూడా ఒప్పుకునే మాట.

ఎడిన్‌బరా నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం. శుక్రవారం ఒంటిగంటకి నేనూ మా ఆయనా దిగాం. శుక్రవారాలు చౌకులో సంత జరుగుతుందని సార్ ముందే చెప్పారు. లాడ్జి గదిలో పెట్టె తెరిచి, బ్రెడ్డు ముక్కల మధ్య గోంగూర పచ్చడి పెట్టుకుని తిన్నాం.

"సంతకి వెళ్దామా?" అన్నారు మా ఆయన.

"ఇప్పుడెవరుంటారండీ? ఓ కునుకు తీసి సాయంత్రం వెళ్దాం" అన్నాను.

కాకినాడ వదిలి పదిహేనేళ్ళుగా దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా కాపురం. మధ్యాహ్నం దుకాణాలు మూసుకుంటాయి, చల్లబడ్డాక తెరుచుకుంటాయి, అప్పుడు పిల్లాపాపలతో జనం బయటపడతారు. బజారంటే మాకు తెలిసింది అదే. బయట పద్దెనిమిది డిగ్రీలే ఉన్నా నా బుర్రలో ఆ లెక్క మారలేదు.

ఆరింటికి తల దువ్వుకుని, సంచీ పట్టుకుని బయల్దేరాం. ఎండ పొద్దున పదింటప్పటిలా ఉంది. చౌకులో మాత్రం పిట్ట మనిషి లేడు. మధ్యలో పాతకాలపు రాతి స్తంభం, దాని కింద నాలుగు క్యాబేజీ ఆకులు. దుకాణాలన్నీ మూత. ఊరి చివర శిథిలమైన మఠం ఒక్కటే తెరిచి ఉంది, దానికి తలుపులు లేవు గనక. ఏటి వంతెన మీద నిలబడి చూస్తే అవతలి కొండ నిండా గొర్రెలు. జనాభాలో వాటిదే పైచేయి అనుకున్నాను.

వంతెన మీద నుంచే సార్‌కి మెసేజ్ పెట్టాను. "ఊరు అందంగా ఉంది. మనుషులు లేరు. సంత కూడా లేదు. మీరిక్కడ ఒక్కరూ ఉండలేరు. అమ్మాయి దగ్గరికి వెళ్ళండి."

"తొందరపడుతున్నావేమో" అన్నారు మా ఆయన.

"చూసిందే రాశానండీ" అన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బస్సు కోసం వచ్చేసరికి అదే చౌకు కిటకిటలాడుతోంది. రొట్టెల దుకాణం ముందు పెద్ద వరస. సగం మంది ఒంటరిగా వచ్చిన ముసలివాళ్ళే. ఒకరి మోకాలి నొప్పి గురించి ఇంకొకరు ఆరా తీస్తున్నారు. రొట్టె కన్నా వరస కోసమే వస్తున్నారనిపించింది. దుకాణం పెద్దావిడని నిలదీశాను, నిన్న సంత ఎందుకు పెట్టలేదని.

"పెట్టామే. మూడింటికల్లా సర్దేశాం. నువ్వెప్పుడొచ్చావు?"

"ఆరింటికి."

వరస మొత్తం నా వైపు తిరిగింది. "ఆరింటికి బజారుకెవరొస్తారమ్మా? ఇళ్ళల్లో భోజనాలు చేస్తుంటాం" అందావిడ.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడి నుంచే సార్‌కి ఫోన్ చేసి, తప్పు చూశానని చెప్పబోయాను. "రాత్రే అమ్మాయికి వస్తానని చెప్పేశాను, ఇక వదిలెయ్యి" అని పెట్టేశారు. నా మాట మీద ఒక మనిషి తన ఊరు వదులుకున్నాడు. ఆ తర్వాత ఎడిన్‌బరాలో ఏం చూశానో నాకిప్పటికీ గుర్తు లేదు.

దోహాలో దిగిన సాయంత్రమే మదీనత్ ఖలీఫాలోని ఆయన ఇంటికెళ్ళాను. మధ్యాహ్నం నిద్ర దగ్గర్నుంచి మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

"నేనయినా ఆరింటికే వెళ్ళేవాణ్ణి" అన్నారు. "ముప్పై ఏళ్ళుగా సాయంత్రమే కదా బజారుకెళ్తున్నాను. అక్కడి అలవాట్లు నాలో మాఫీ, ఒక్కటీ మిగల్లేదు. ఆ ఊరికి నేనూ నీలాంటివాణ్ణే." ఆయన కళ్ళు తడిశాయి.

నాకు కోపం వచ్చింది, ఆయన మీదో నా మీదో తెలియలేదు. "నేను ఒక్క పూటలో నేర్చుకున్నాను సార్. మీరు పుట్టిన ఊరు, మీకో వారం పట్టనివ్వండి. పొద్దున తొమ్మిదింటికి రొట్టెల వరసలో నిలబడండి, చాలు. మీరొస్తున్నారని ఆ దుకాణం పెద్దావిడకి చెప్పేసి వచ్చాను."

"ఏమంది?"

"ఎప్పుడొచ్చినా సరేగానీ, ఆరింటికి మాత్రం రావద్దంది."

ఆయన ఫోను తీసి కూతురికి కలిపారు. "ముందు మా ఊరెళ్తానమ్మా. కుదరకపోతే నీ దగ్గరికే వస్తాను" అన్నారు.

నేను గెలిచాను. గెలిచినందుకు సంతోషంగానే ఉంది. కానీ కారెక్కాక మా ఆయన, "మన కాకినాడలో ఇప్పుడు బజారు ఎన్నింటికి మూస్తున్నారంటావు?" అని అడిగారు. నాకు తెలియలేదు.