నాన్న పెట్టిన నీళ్ళ పరీక్ష

తాడేపల్లిగూడెంలో మా కాలేజీ ల్యాబులో నా పని చెక్కను నీళ్ళలో ముంచడం, అది ఉబ్బితే ఏడవడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టును జిగురుతో కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి బోర్డులు చేసేవాళ్ళం. బజారు జిగురు ఘాటుకు కళ్ళమ్మట నీళ్ళు కారేవి. అందుకని తుమ్మ బెరడు కాచి, అందులోంచి దిగే వగరు సారంతో జిగురు చేయాలని మా మేడం పంతం. నా పంతం ఆవిడకంటే ఓ పిసరు ఎక్కువే.

బోర్డు ఒక రోజంతా నీళ్ళలో నానినా ఉబ్బకూడదు, అదే పరీక్ష. మాది పూట తిరక్కుండానే నానిన రొట్టెముక్కలా విచ్చుకునేది. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారీ అంతే అయితే పని మూసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అప్పుడు నేను మళ్ళీ స్కూల్లో లెక్కలు చెప్పుకోవాలి. నాకు పిల్లలంటే ఇష్టమే, లెక్కలంటేనే పడదు.

ఆ వారం నాన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డున మా ఊరు. నైలాను వలలు రాకముందు, నూలు వలలు కుళ్ళకుండా వాటిని తుమ్మ బెరడు కషాయంలో ముంచిన మనిషి ఆయన. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఎమ్మెస్సీ చదివినదాన్ని, నాన్నను అడగడమేమిటి? డ్రమ్ములో సిరాలా నల్లగా ఉన్న కషాయాన్ని గర్వంగా చూపించాను. ఎంత నలుపైతే అంత చిక్కన అని మా నమ్మకం.

నాన్న వేలు ముంచి మొహం చిట్లించాడు.

"ఇనప డ్రమ్ములో కాచారేంటమ్మా? పాడైపోయింది. ఎర్రగా ఉండాలి, డికాషన్లాగ. మేం మట్టి కాగుల్లో కాచేవాళ్ళం."

"ఆ మాట ముందే చెప్పరేంటండీ!" అన్నారు పక్కనే ఉన్న మేడం.

"నన్నెవరడిగారండీ!" అన్నాడు నాన్న.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇనుము తగిలితే వగరు సారం నల్లబడి చెడుతుందన్న వాక్యం కింద పుస్తకంలో గీత గీసుకున్నది నేనే.

అంత పెద్ద కాగు ఎక్కడా దొరకలేదు. మర్నాడు నాన్న మా ఊరి చర్చిలో క్రిస్మస్ విందుకు వండే అల్యూమినియం గుండిగను బస్సు మీద వేసుకొచ్చాడు. పాస్టరుగారితో ఏం చెప్పాడో ఇప్పటికీ చెప్పడు. ఈసారి కషాయం ఎర్రగా దిగింది. జిగురు కలిపాం, బోర్డు నొక్కాం, నీళ్ళ తొట్టిలో వేశాం. నాన్న తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, తిండికి తప్ప లేవలేదు.

మర్నాడు అదే వేళకు మందం కొలిచాను. బోర్డు పాసైంది. మేడం నన్ను కావలించుకున్నారు. నేను మళ్ళీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

మేడం బోర్డును ఆరబెట్టబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అప్పుడేనాండీ? మా వల వారం ఉండేదండీ నీళ్ళల్లో."

మేడం నవ్వి, సరేనని దాన్ని మళ్ళీ తొట్టిలో వేశారు. మూడోరోజున బోర్డు ఉబ్బింది. పరీక్ష ఒక్క రోజుదే కాబట్టి రిపోర్టులో పాసైందనే రాశాం, పైవాళ్ళూ ఒప్పుకున్నారు, నా పని నిలిచింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ ల్యాబులో నేను పాటుపడింది మాత్రం నాన్న దగ్గర పాసవడానికే.