అమ్మ సాక్ష్యం, ఏడు టేకులు

సినిమా చూడటం మా క్రైస్తవ సహవాసంలో తప్పు. కాలేజీలో చేరేదాకా హాల్లో కూర్చుని నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. అలాంటి నేను క్లాప్ బోర్డు పట్టుకున్నానంటే దానికి పాస్టరుగారి అనుమతి ఉంది. ఆ అనుమతి నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు ఆయన వద్దని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో నేను చదివిన కాలేజీలో ఆ ఏడు విద్యార్థుల చేత చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీయించారు. మా జట్టులో ముగ్గురం. దర్శకుడు ఒక బెంగాలీ కుర్రాడు, కెమెరా కూడా అతనే పట్టేవాడు. సౌండు ఒక రాంచీ కుర్రాడు చూసుకునేవాడు. నాకు ఏ పనీ రాదు కాబట్టి బోర్డు ఇచ్చారు. ఇచ్చారనడం కూడా తప్పే, బోర్డు లేదు. మా చిన్నాన్న పనిచేసే వర్క్‌షాపులో ప్లైవుడ్ ముక్క అడిగి తెచ్చి, బడిలో నల్లబల్లకి వేసే రంగు పూసి, పైన కిటికీ మడతబందుతో ఒక చెక్కపట్టీ బిగించాను. పట్టీ దించితే టప్‌మని మోగేది. ఆ మోత ఎందుకో దర్శకుడు నాకు ఓపిగ్గా చెప్పాడు. మా కెమెరాలో మాట సరిగా పడదు. మాటని వేరే రికార్డరులో ఎక్కిస్తారు. తరవాత రెండూ కలపాలంటే బోర్డు మూతపడే బొమ్మనీ ఆ మోతనీ ఒకచోట చేర్చాలి. బోర్డు మీద సుద్దముక్కతో సీను నంబరు, టేకు నంబరు రాయాలి. ఒకే సీను ఎన్నోసారి తీస్తున్నామో ఆ టేకు నంబరు చెబుతుంది. ప్రతి టేకు ఎలా వచ్చిందో నోటుబుక్కులో రాసుకోవాల్సింది కూడా నేనే.

దేని మీద తీద్దాం అన్న మాట వచ్చినప్పుడు మా అమ్మ సాక్ష్యం మీద తీద్దామన్నది నేనే.

మా నాన్న అప్పటికి మూడేళ్ళ ముందు ఇంజన్ డోంగీ పడవ మీద ఇంకో ఇద్దరితో వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. వెతికారు. ఏమీ దొరకలేదు, చెక్కముక్క కూడా. ఇంజను ఆగిపోయిన పడవలు మా దగ్గర నుంచి బర్మా వైపో ఇంకా అవతలికో కొట్టుకుపోవడం, అక్కడి జైల్లో ఉండి ఏడాదికో రెండేళ్ళకో మనుషులు తిరిగి రావడం మా జాలరుల కాలనీలో ఎరిగినదే. అందుకని అమ్మ నమ్మకం వెర్రి నమ్మకం కాదు. ఆమె మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థిస్తే మూడో నాటి మధ్యాహ్నం ప్రభువు ఆమెకి నాన్నని చూపించాడు. తెలియని ఒడ్డు. తెలియని మాటలు మాట్లాడే మనుషులు. వాళ్ళ మధ్య నాన్న బండమీద కూర్చుని తన నీలం చొక్కా పిండి ఆరేసుకుంటున్నాడు. "ఇతణ్ణి నేను దాచాను" అని ఒక స్వరం.

ప్రభువు తనకి చేసిన మేలుకి సాక్ష్యంగా అమ్మ దీన్ని ప్రతి నెలా మొదటి ఆదివారం సంఘంలో లేచి చెప్పేది. మా సహవాసంలో సాక్ష్యం ఒక్కరే చెప్పేది కాదు. చెప్పేవాళ్ళు ఒక మాట అంటే కింద కూర్చున్నవాళ్ళు స్తోత్రం అంటారు. ఇంకో మాట అంటే ఆమేన్ అంటారు. గొంతు వణికినప్పుడు ఆ ఆమేన్‌లే పట్టుకుని నిలబెడతాయి. అమ్మకి చదువు రాదు. బజారులో చేపలు అమ్మేటప్పుడు తప్ప నలుగురిలో నోరు విప్పని మనిషి. కానీ ఆ పూట మాత్రం తడుముకోకుండా చెప్పేది.

అవిశ్వాసులు కూడా ఈ మాట వినాలని నా ఆశ. వాక్యం ప్రకటించడానికి ఇది ఒక దారి అని పాస్టరుగారికి చెప్పాను. "ప్రభువు మహిమ కోసమైతే చెయ్యమ్మా" అన్నారు. అమ్మని ఒప్పించడానికి మాత్రం వారం పట్టింది.

"నా మొకం ఎవులు సూత్తారే? నాయంత నల్లటిదాన్ని సినిమాలో ఎక్కిత్తారా?"

"నీ మొహం కోసం కాదమ్మా, నీ సాక్ష్యం కోసం."

"అయితే మరి సంఘానికి రమ్మను. ఆడే సెప్తాను కదా."

"అక్కడికి రానివాళ్ళు కూడా వింటారమ్మా."

ఆ మాటకి ఒప్పుకుంది.

షూటింగు ఒక శనివారం పొద్దున మా ఇంట్లోనే పెట్టుకున్నాం. అమ్మ బజారు మానేసి ఆదివారపు తెల్లచీర కట్టుకుంది. పక్కింటి అప్ప, మా సహవాసంలో అమ్మకి తోడుగా కూర్చునే ఆవిడ, తానూ వచ్చి చాపమీద కూర్చుంది. నేను సుద్దతో సీను ఒకటి, టేకు ఒకటి అని రాసి, అమ్మ మొహం ముందు బోర్డు పెట్టి పట్టీ దించాను. ఆ మోతకి అమ్మ ఉలిక్కిపడింది. తరవాత నవ్వింది.

"ఓలమ్మా, పామేమో అనుకున్నాను."

మొదలు పెట్టింది. ఎంత బాగా చెప్పిందో. నీలం చొక్కా దగ్గరికి వచ్చేసరికి పక్కింటి అప్ప అలవాటుగా "స్తోత్రం!" అని గట్టిగా అనేసింది. రాంచీ కుర్రాడు చెవుల మీదనుంచి హెడ్‌ఫోను లాగేసి దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు మర్యాదగానే చెప్పాడు. "ఆంటీ, ప్లీజ్, కోయీ కుఛ్ నహీ బోలేగా. బిల్కుల్ సైలెన్స్." ఎవ్వరూ ఏమీ అనకూడదని నేను తెలుగులో చెప్పాను. అప్ప నొచ్చుకుంది.

"సాచ్చికం ఇని నోరు మూసుకోడం నా వల్ల గాదు" అని లేచి వెళ్ళిపోయింది.

నేను టేకు రెండు అని రాశాను.

"మల్లీ సెప్పాలా?" అంది అమ్మ.

"ఒక్కసారే అమ్మా. అప్ప మాట కూడా రికార్డులో పడిపోయింది."

మళ్ళీ చెప్పింది. ఈసారి మధ్యలో ఎవరూ ఏమీ అనలేదు. తానొక మాట అన్నాక అమ్మ కొంచెం ఆగేది, మెట్టు కోసం కాలు చాపినట్టు. ఏమీ రాకపోతే తరవాతి మాటకి వెళ్ళేది. సగంలో రోడ్డు మీద బస్సు హారను మోగింది. మూడోసారి బొమ్మ మసకగా వచ్చింది. నాలుగోది దర్శకుడు కెమెరాలో చూసుకుని, ఆంటీ తన వైపు కాకుండా కొంచెం పక్కకి, నా వైపు చూసి చెబితే బాగుంటుందన్నాడు. చెడ్డవాడు కాదు. ఆమె నీళ్ళు తాగిందా లేదా అని అడుగుతూనే ఉన్నాడు. ప్రతిసారీ అదే మాట, "బస్, ఏక్ బార్ ఔర్." ఇంకొక్కసారి, అంతే అని.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. "టేకు 3, ఫోకస్ లేదు. టేకు 4, చొక్కా చెప్పలేదు" అని నా చేతిరాతలో ఉంది. చొక్కా చెప్పలేదు అని రాసుకున్నాను, అంతే. ఎందుకు చెప్పలేదని నాకు తట్టలేదు.

అయిదో టేకుకి ముందు అమ్మ నన్ను అడిగింది. గొంతు తగ్గించి అడిగింది, ఆ కుర్రాళ్ళకి తెలుగు రాకపోయినా.

"ఓలే గుంటా, నానేటి అబద్దం సెప్తన్నానా?"

"అదేం మాటమ్మా?"

"మరి ఎందుకు మల్లీ మల్లీ అడుగుతున్నారు? పోలీసులు అడిగినట్టుంది. అప్పుడూ ఇలగే అడిగినారు, ఎన్ని గంటలకి ఎల్లినాడు, ఎవులితో ఎల్లినాడు, మల్లీ సెప్పు అని."

"సౌండు సరిగా రావటం లేదమ్మా. నీ మాటలో తప్పేం లేదు."

ఇదంతా నిజమే. కానీ సంఘంలో చెప్పిన సాక్ష్యాన్ని ఎవరూ మళ్ళీ చెప్పమనరు. చెప్పింది అందుకుంటారు. ఇక్కడ నేను బోర్డు తుడిచి అంకె మార్చి ఆమె మొహం ముందు పెడుతున్నాను. తుడిచిన ప్రతిసారీ ఆమె చెప్పినది చెల్లలేదని చెప్పినట్టే అయింది. అది ఆ రోజు నాకు అర్థం కాలేదు.

అయిదో టేకులో "సూసినాను" అనాల్సిన చోట "సూసినట్టు అనిపించింది" అంది. జెట్టీలో ఓడ కూత వేయడంతో అదీ పోయింది. ఆరో టేకులో బండమీద కూర్చున్నాడు అన్నదాకా వచ్చి ఆగిపోయింది. నా వైపే చూస్తోంది, దర్శకుడు అలా చూడమన్నాడు కాబట్టి. నేను చెక్కపట్టీ మోగకుండా గట్టిగా అదిమి పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా నోటివైపు చూస్తోందని తెలుసు. ఆ చోట సంఘంలో నేను ఎన్నోసార్లు ఆమేన్ అన్నాను. అప్పుడు అనలేదు. అంటే టేకు పాడవుతుందని అనలేదు.

"కట్" అన్నాడు దర్శకుడు.

నేను ఏడు రాశాను. పట్టీ దించాను. ఈసారి అమ్మ ఉలిక్కిపడలేదు.

ఉపవాసం గురించి చెప్పలేదు. ఒడ్డు గురించి చెప్పలేదు. "మూడేల్లయిపోనాది" అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నీటిలో మూడేల్లు ఎవులుంటారు? రాడు. ఆడు ఇంక రాడు."

రోడ్డు మీద బండి లేదు. ఓడ లేదు. కాకి కూడా అరవలేదు. దర్శకుడికి తెలుగు రాదు, కానీ ఆమె మొహం చూసి అర్థమైంది. కెమెరా ఆపి నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా, "మిల్ గయా" అన్నాడు. దొరికింది అని.

అమ్మ లేచి వాళ్ళిద్దరికీ టీ పెట్టింది.

డాక్యుమెంటరీలో ఏడో టేకే వాడారు. అది తీసెయ్యమనీ, కనీసం మొదటి టేకులోంచి చొక్కా మాట అయినా పెట్టమనీ నేను బతిమాలాను. ఆ టేకులో ఎవరో కేక వేశారు కదా అన్నాడు దర్శకుడు. కాలేజీ హాల్లో చూపించిన రోజు చాలామంది ఏడ్చారు. నా బోర్డు, నా చెయ్యి తెరమీద లేవు. మాటనీ బొమ్మనీ కలిపాక ఆ ముక్క కోసేస్తారు. అమ్మని రమ్మంటే, "ఎరిగిన మాటే కదా, ఏటి సూత్తాను" అంది.

తరవాతి నెల మొదటి ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాల వేళ అమ్మ వైపు చూశారు. ఆమె లేవలేదు. పక్కింటి అప్ప మోచేత్తో పొడిచింది. అయినా లేవలేదు. ఇంకో వారానికి, ప్రార్థనలో నాన్న కోసం అడగటం ఇంక మానెయ్యమని పాస్టరుగారికి తానే చెప్పింది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి చాపమీద కూర్చుని చాలాసేపు వాక్యం చదివారు. అమ్మ తల మీద కొంగు కప్పుకుని శ్రద్ధగా విన్నది. ఆయన ముగించాక అంది:

"కోపం లేదు అయ్యగారూ. దేవుడి మీదా లేదు, మీ మీదా లేదు. నమ్ముదామనే సూత్తన్నాను. అవటం లేదు."

ఆయన తలదించుకుని వెళ్ళిపోయారు.

అది నా పాపమని నాకు తెలుసు. చిన్నవారిలో ఒకరి విశ్వాసాన్ని తొట్రుపడజేసినా, మెడకి తిరగలిరాయి కట్టి సముద్రంలో పడెయ్యడమే మేలన్న వాక్యం బడిలో పద్యాలకంటే ముందే నేర్చుకున్నదాన్ని. ఉపవాసాలున్నాను. అమ్మ ఉన్నట్టే మూడు రోజులున్నాను, నాకు ఏ ఒడ్డూ కనిపించలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ బజారు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, నాకు చెప్పు. నాకొక్కదానికే. కెమెరా లేదు, ఎవ్వరూ లేరు. మొదటి నుంచి చెప్పు."

"ఏటి సెప్పమంటావు?"

"నీకు ప్రభువు చూపించింది."

కాదనలేదు. నా కోసం ప్రయత్నించింది. కళ్ళు మూసుకుంది.

"మూడోనాడు మద్దినేల... ఒక ఒడ్డు..." అంది. పెదవులు కదిలాయి. ప్రతి మాటకీ స్తోత్రం అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఒకసారి అన్నాను కూడా. నా గొంతు ఆ ఖాళీ గదిలో నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

అమ్మ కళ్ళు తెరిచింది.

"లేదే. నాను సెప్పిన మాటలు గురుతొస్తన్నాయి. సూసింది గురుతు రావటం లేదు."

"చొక్కా అమ్మా. నీలం చొక్కా."

"నీలం అని సెప్పీదాన్ని. అవును." నా మొహం చూసి జాలిపడింది. నా తలమీద చెయ్యి వేసింది. చేతికి ఇంకా చేపల వాసన ఉంది. "ఏడవకు. నువ్వేటి సేసినావు? ఇయాల కాకపోతే రేపైనా ఆడొత్తాడా అని నన్ను నానే అడగవలసిందే కదా."

ఆ తరవాత ఆమె పదకొండేళ్ళు బతికింది. ఆదివారాలు మానలేదు. పాటలు పాడేది, ప్రార్థనలో తలవంచేది. నాన్న మాట మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. నేను ఇప్పటికీ విశ్వాసినే. ప్రభువు నాన్నని ఎక్కడ ఉంచాడో ఆయనకి తెలుసు అనుకుంటాను. కానీ ఆ ఒడ్డునీ ఆ బండనీ చూసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె మనసులోంచి అవి ఒక శనివారం పొద్దున, మా ఇంట్లో, భోజనం వేళ కాకముందే పోయాయి.